నాలుగున్నరకు ఏమన్న తిన్నవా?

తిండి యావ ఎక్కువవడమే నా జబ్బు అని ఏళ్ళ తరబడి నమ్మాను. నోరు కట్టుకోలేని మనిషినని, బుద్ధి లేనిదాన్నని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. తీరా చూస్తే అది బులీమియా అనే జబ్బు, అంటే అదుపు తప్పి తినడం, భయంతో ఆ తిన్నది కక్కేయడం. అందులోనూ రాత్రి తినే తిండికంటే పగలంతా తినకుండా గడిపే గంటల్లోనే ఉంది అసలు జబ్బు. ఈ సంగతి చెవికి వినబడటానికి ఐదు నిమిషాలు పట్టింది, ఒంటికి ఎక్కడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ఎలా ఎక్కిందో రాస్తాను. బరువులు, కేలరీలు మాత్రం రాయను. అప్పట్లో నేను ఇలాంటి అనుభవాలు చదివింది ఆ అంకెల కోసమే. ఎవరు ఎంత తగ్గారో చూసి వాళ్ళతో పోటీ పెట్టుకునేదాన్ని. ఇప్పుడు అదే స్థితిలో ఉండి ఇది చదివేవాళ్ళకు ఆ సరుకు నా దగ్గర దొరకకూడదు.

మాది పరకాల. బాపుకు పిండి గిర్ని ఉంది. నేను బీఈడీ చేసి హన్మకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతున్నాను, ఉండేది లేడీస్ హాస్టల్లో. కథ మొదలైంది పెళ్ళిచూపులతో. వచ్చినవాళ్ళలో ఒక పెద్దావిడ నేనిచ్చిన ఛాయే తాగుతూ, "పిల్ల మంచిగనే ఉన్నది గని జర దొడ్డుగున్నది" అని అమ్మతో అంది. ఆ సంబంధం తప్పిపోయింది కట్నం దగ్గర. నా ఒళ్ళుకూ దానికీ ఏ సంబంధమూ లేదని నాకు అప్పుడే తెలుసు. అయినా చెవిలో నిలిచిపోయింది మాత్రం ఆ మాటే. ఆవిడ వల్లే నాకు జబ్బు వచ్చిందని ఇప్పుడు అనను. అలాంటి మాటలు పడ్డ ఆడపిల్లలు వాడకు పదిమంది ఉంటారు, అందరికీ జబ్బు రాదు. కొంత పుట్టుకతో వచ్చే స్వభావం, కొంత ఇంటి వంశంలో ఉన్న డిప్రెషన్ లాంటివి, వాటికి తోడు కఠినమైన డైటింగ్, ఇవన్నీ ఒక్కచోట చేరితే వస్తుందని తర్వాత సైకాలజిస్ట్ మేడం వివరంగా చెప్పారు.

తిండి మానేయాలనుకునేవాళ్ళకు మన దగ్గర ఎవరికీ అనుమానం రాని దారి ఒకటుంది. ఒక్కపొద్దు. ముందు సోమవారం శివుడికి ఉండేదాన్ని. తర్వాత గురువారం సాయిబాబా వచ్చి చేరాడు, ఆ తర్వాత శనివారం వెంకన్న. శ్రావణమాసం వస్తే శుక్రవారాలు కూడా. హాస్టల్లో వంట చేసే అక్క "నీ పుణ్యంల మాకింత పెట్టు మేడం" అని నవ్వేది. మిగతా రోజుల్లో పొద్దున ఉత్త ఛాయ్, మధ్యాహ్నం డబ్బాలో సగం. సాయంత్రం స్కూల్ విడిచిపెట్టే వేళకు చేతులు వణికేవి, బోర్డు మీద రాత వంకర పోయేది. దారిలో బేకరీలు. అన్నీ ఒకచోట కొంటే కనిపెడతారని నయీంనగర్‌లో ఒక దగ్గర కర్రీ పఫ్‌లు, కిషన్‌పురలో ఇంకో దగ్గర దిల్‌పసంద్, మరోచోట బ్రెడ్డు. కౌంటర్ దగ్గర అబ్బాయి అడగకపోయినా "పిల్లల బర్త్‌డే ఉంది" అని చెప్పేదాన్ని. గది తలుపు వేసుకుని, రుచి కూడా తెలియకుండా, కడుపు నొప్పి పుట్టేదాకా తినేదాన్ని. ఆ వెంటనే భయం పట్టుకునేది. కక్కేసేదాన్ని. తర్వాత ఏడుపు, రేపటి నుంచి ఇంకా గట్టిగా ఉండాలని ఒట్టు. ఆ ఒట్టు మర్నాడు మధ్యాహ్నం దాకా బాగానే నిలబడేది.

బులీమియా ఉన్న మనిషి బయటికి మామూలుగా కనబడుతుంది. ఎముకలు తేలినవాళ్ళనే అందరూ అనుమానిస్తారు, అది అనొరెక్సియా, తిండి మానేసి చిక్కిపోయే జబ్బు. బులీమియాలో చాలామంది బరువు మామూలుగానే ఉంటుంది, కొందరిది ఎక్కువగానే ఉంటుంది. అందుకే ఏళ్ళపాటు పట్టుబడకుండా సాగుతుంది. వైద్యశాస్త్రంలో కూడా దీని లక్షణాలు కూర్చి పేరు పెట్టింది 1979లోనే, లండన్‌లో జెరాల్డ్ రసెల్ అనే సైకియాట్రిస్ట్. నాకు కాళ్ళ పిక్కలు పట్టేసేవి, మెట్లెక్కితే గుండె దడ. చెంపలు ఉబ్బితే అమ్మ గవదబిళ్ళలని అనుకుంది. పదేపదే వాంతులైతే లాలాజల గ్రంథులు అలా వాస్తాయని మా ఇద్దరికీ తెలియదు. ఒక డాక్టరు నాడి కూడా చూడకుండా గ్యాస్ గోలీలు రాసి, "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయమ్మా" అన్నాడు. ఇంకో విషయం. ఒంట్లో బాగా చెడిపోయిన ఆ రోజుల్లోనే స్టాఫ్‌రూమ్‌లో "మంచిగ తగ్గినవ్, ఏం చేస్తున్నవ్ చెప్పరాదు" అని అడిగారు. ఆ పొగడ్త నాకు నెల రోజుల ఒక్కపొద్దులకు సరిపడా బలం ఇచ్చింది.

చివరికి పట్టుకున్నది పళ్ళ డాక్టరు. చల్లటి నీళ్ళు తాగితే పై పళ్ళు జివ్వుమంటున్నాయని పోయాను. ఆమె చిన్న అద్దం పెట్టి ముందు పళ్ళ లోపలివైపు చాలాసేపు చూశారు. పక్కనున్న అమ్మాయిని ఏదో తెమ్మని బయటికి పంపి, మాస్కు కిందికి దించి, "వాంతులు ఎక్కువైతున్నయా అమ్మా?" అని మెల్లగా అడిగారు. అసిడిటీ అన్నాను. ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు. "లోపలివైపు ఎనామిల్ కరిగింది. కడుపులో ఉండే ఆమ్లం మళ్ళీ మళ్ళీ తగిలితే ఇట్లయితది. వాంతైన వెంటనే బ్రష్ చేయకు, మెత్తబడ్డ ఎనామిల్ అరిగిపోతది. నీళ్ళు పుక్కిలించి ఊరుకో" అన్నారు. చీటీ వెనకవైపు సీరం పొటాషియం, ఈసీజీ అని రాసి చేతిలో పెట్టారు. "పళ్ళు నిదానంగ చూద్దాం. ఇది మాత్రం రేపే చేయించుకో."

పొటాషియం 3.5 పైన ఉండాలి. నాది 3 కంటే కిందికి పడిపోయింది. వాంతులతో, విరేచనాల గోలీలతో ఒంట్లోని పొటాషియం తగ్గిపోతుంది, బాగా తగ్గితే గుండె లయ తప్పి ప్రాణం మీదికి వస్తుంది. ఆస్పత్రిలో పెట్టుకుని సెలైన్‌లో ఎక్కించారు. మా స్కూల్లో తెలుగు చెప్పే సీనియర్ మేడం పక్కన కూర్చుంది. ఇంటికి చెప్పనివ్వలేదు నేను. ఫిజీషియన్ డిశ్చార్జ్ కాగితం రాస్తూ, "ఎక్కించి పంపుడు నా పని. మళ్ళ రాకుండ చేసుడు సైకియాట్రిస్ట్ పని" అన్నారు.

సైకియాట్రిస్ట్ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి. చిన్నప్పుడు అల్లరి చేస్తే "ఎర్రగడ్డల ఏస్త" అని బెదిరించే ఇళ్ళలో పెరిగినవాళ్ళం. ఆ రాత్రి హాస్టల్ డాబా మీదికి పోయి 14416కు ఫోన్ చేశాను. టెలి మానస్ అని, మనసు బాధలు చెప్పుకునే ఫోన్ లైను, 2022 అక్టోబరులో ప్రభుత్వం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, ఏ వేళకైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. పేరు చెప్పకుండానే మొదలుపెట్టాను. అటువైపు ఆమె "తిన్నంక మీకు ఏమనిపిస్తది?" అని అడిగింది. అంతవరకు నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. డబ్బుకు ఇబ్బందైతే వరంగల్ సర్కారు దవాఖాన ఎంజీఎంలో సైకియాట్రీ ఓపీ ఉంటుందని కూడా చెప్పింది. ఎంజీఎంకు పోతే పరకాలవాళ్ళు ఎవరో ఒకరు కచ్చితంగా ఎదురుపడతారు, మా వైపు వాళ్ళందరికీ పెద్దాస్పత్రి అదే. అందుకని ప్రైవేటు క్లినిక్‌కు పోయాను. ఫీజులకు జీతంలో మంచి భాగమే పోయేది. అంత స్తోమత లేనివాళ్ళు మొహమాటపడి ఆగిపోవద్దు, ఎంజీఎంకే పోండి.

సైకియాట్రిస్ట్ నన్ను ఎక్కువసేపు మాట్లాడనిచ్చారు. మధ్యలో, ఊరి పేరు అడిగినంత మామూలుగా, "చచ్చిపోవాలని అనిపిస్తుందా?" అని అడిగారు. అనిపిస్తుందని మొదటిసారి పైకి అన్నాను. ఆయన కంగారుపడలేదు. ఎప్పుడు, ఎంత గట్టిగా, దానికోసం ఏమైనా ఏర్పాటు చేసుకున్నావా అని ఒక్కొక్కటి అడిగి రాసుకున్నారు. తోడొచ్చిన మేడం నంబరు తీసుకున్నారు. ఫ్లూఆక్సెటీన్ అనే గోలీ మొదలుపెట్టి, కొన్ని వారాల్లో మెల్లగా 60 మిల్లీగ్రాములకు పెంచారు. డిప్రెషన్‌కు చాలామందికి 20తోనే సరిపోతుందట, బులీమియాకు మాత్రం ఈ మోతాదు కావాలట. ఇది చదివి ఎవరూ మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు, పొటాషియం, ఈసీజీ చూడకుండా నాకూ రాయలేదు. గోలీలతో పాటు మాటల వైద్యం తప్పనిసరి అన్నారు. ఆయనకు తెలిసిన క్లినికల్ సైకాలజిస్ట్ హైదరాబాద్‌లో ఉంటారు. మొదట్లో శాతవాహన రైల్లో పొద్దున పోయి సాయంత్రం దాంట్లోనే తిరిగి వచ్చేదాన్ని, తర్వాత వీడియో కాల్ మీద సాగింది.

ఆమె చేసింది సీబీటీలో, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ సరిచేసే మాటల వైద్యంలో, ఈ తిండి జబ్బుల కోసం తయారైన పద్ధతి. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ అనే ఆయన రూపొందించారు. మామూలుగా 20 వారాల్లో 20 సెషన్లు, నాకు అంతకంటే ఎక్కువే పట్టింది. చిన్నప్పటి కథలు తవ్వుతారనుకున్నాను. ఆమె ఒక నోటుబుక్కు కొనుక్కోమన్నారు. ఏం తిన్నా అప్పటికప్పుడే రాయాలి, రాత్రి కూర్చుని రాయకూడదు. టైము, ఏం తిన్నది, ఎక్కడ, అదుపు తప్పిందనిపిస్తే పక్కన చుక్క గుర్తు, అప్పుడు మనసులో ఏముందో రెండు ముక్కలు. కేలరీలు రాయొద్దు. మొదటి వారం నా పేజీ ఒకటి ఇలా ఉంది:

7:10 – ఛాయ్, చక్కెర లేదు, గదిలో.
12:50 – డబ్బాలో సగం అన్నం, పెరుగు. స్టాఫ్‌రూమ్. మిగతాది పారబోసిన.
7:40 – చుక్క. గదిలో. ఏం తిన్ననో రాయలేను.

ఆ "రాయలేను" గురించి ఆమె అడుగుతారని రైల్లో పొడుగునా సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె పెన్ను మొన చుక్క మీద పెట్టలేదు. 12:50కి, 7:40కి మధ్య ఉన్న ఖాళీ మీద పెట్టారు. "ఏడు గంటలు. అంతకుముందు తిన్నది సగం డబ్బా. ఈ ఖాళీలో ఎవరిని కూర్చోబెట్టినా రాత్రి ఇదే చేస్తారు." అప్పుడే ఆమె మిన్నెసోటా ప్రయోగం గురించి చెప్పారు. 1944, 45లో, యుద్ధకాలంలో, అమెరికాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళకు ఆరు నెలలు సగం తిండి పెట్టి చూశాడు. అందరూ ఇష్టపడి వచ్చినవాళ్ళే, ముందు పరీక్షించి, మనసు గట్టిగా ఉన్నవాళ్ళనే ఎంచుకున్నారు. కొన్ని వారాలకే వాళ్ళకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివారు, పళ్ళేలు నాకారు, దిగులుతో, కోపంతో మారిపోయారు. మళ్ళీ తిండి పెట్టడం మొదలయ్యాక కొందరు కడుపు నిండినా ఆపలేకపోయారు. వాళ్ళెవరికీ పెళ్ళిచూపులు లేవు, అద్దం బాధ లేదు. సోషల్ టీచర్‌ను కదా, రెండో ప్రపంచయుద్ధం పిల్లలకు ఏటా చెబుతాను, ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఆ రోజు తిరుగు రైల్లో ఎక్కడ ఏ స్టేషన్ వచ్చిందో తెలియలేదు. బుద్ధి లేనిదాన్ని అనుకున్న ఇన్నేళ్ళూ నేను ఆకలిగా ఉన్నాను, అంతే.

వైద్యం వినడానికి పిల్లల ఆటలా ఉంటుంది. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు ఏదైనా చిన్నది, నాలుగు గంటలకు మించి ఖాళీ ఉండకూడదు. ఆకలి వేసినా వేయకపోయినా టైముకు తినాలి, టైము కానప్పుడు తినకూడదు. ఆకలి, నిండిన కడుపు అనేవి అప్పటికి నాకు సరిగా తెలియడం మానేశాయి, కాబట్టి గడియారాన్నే నమ్మమన్నారు. మాకు స్కూల్లో గంటలు ఎలాగూ ఉన్నాయి. ఇంటర్వెల్ గంటకు అరటిపండో పల్లీపట్టీయో, లంచ్ గంటకు డబ్బా మొత్తం, ఆఖరి గంట తర్వాత ఛాయ్‌తో ఏదన్నా. అన్నిటికంటే కష్టమైంది తప్పిన రాత్రి తర్వాతి పొద్దు. రాత్రి అంత తిని, కక్కి, మళ్ళీ ఏడున్నరకు ఇడ్లీ తినమంటే ఒళ్ళు మండిపోయేది. అదే అసలు మందు అని, ఆ ఇడ్లీ మానేస్తే సాయంత్రం బేకరీకి దారి వేసినట్టేనని ఆమె ప్రతిసారీ గుర్తుచేసేవారు. బరువు వారానికి ఒక్కరోజే చూసుకోవాలన్నారు. నా మిషన్‌ను తెలుగు మేడం తీసుకుపోయి వాళ్ళింట్లో పెట్టుకుంది. మొదటి రెండు వారాలు చేతులు కట్టేసినట్టుంది. భయపడ్డంత బరువు పెరగలేదు. పెరిగి ఉంటే ఆగగలిగేదాన్నా అంటే, నాకు అనుమానమే.

ఇంట్లో ఒకరికైనా చెప్పాలన్నారు. దసరాకు ముందు ఊరికి పోయి అమ్మకు చెప్పాను. అమ్మ కత్తిపీట మీద కూరగాయలు తరుగుతూ, పని ఆపకుండా విన్నది. "మేం చిన్నప్పుడు గట్క దొరకక ఏడ్సినం. మీకు తిన్నది కక్కుడు రోగమా బిడ్డా?" అంది. కోపమో బాధో తెలియలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎవరో చేతబడి చేశారని ఒక తాయెత్తు తెచ్చి కట్టింది, కట్టించుకున్నాను. దానివల్ల నష్టమేమీ లేదు. బాపు అన్నీ వింటూ గిర్ని బెల్టు సరిచేస్తున్నాడు. చాలాసేపటికి, "రాళ్ళ నడుమ గింజలు లేకుంట గిర్ని తిప్పితే రాళ్ళే అరుగుతయ్" అని ఒక్క మాట అన్నాడు. నేను వెళ్ళిపోయిన మర్నాటి నుంచి రోజూ నాలుగున్నరకు ఫోన్ వచ్చేది. "ఛాయ్ తాగినవా? నాలుగున్నరకు ఏమన్న తిన్నవా?" ఏం తిన్నానో, ఎంత తిన్నానో అడగడు. ఇంకో మాట ఉండదు, పెట్టేస్తాడు. సైకాలజిస్ట్ ఇంట్లోవాళ్ళ కోసం చెప్పిన సూచనలు బాపు ఒక్కటీ చదవలేదు, కానీ వాటిలో ఉన్నది అదే. ఒళ్ళు గురించి మంచిగానైనా చెడ్డగానైనా మాట్లాడొద్దు, బాత్రూం దగ్గర కాపలా కాయొద్దు, కలిసి తినండి.

ఒక్కపొద్దుల దగ్గర పేచీ వచ్చింది. ఏడాదిపాటు ఏ ఉపవాసమూ వద్దన్నారు. మొక్కు తప్పితే ఏమవుతుందోనని అమ్మకు ఒకటే భయం. నాకు ఉపవాసాలతో తగాదా లేదు. మా అమ్మ పెళ్ళైనప్పటి నుంచి శనివారం ఒక్కపొద్దు ఉంటుంది, రాత్రి దీపం పెట్టి కడుపునిండా తిని పడుకుంటుంది, మర్నాడు దాని గురించి ఆలోచించదు. నేను ఉన్నవి దేవుడి పేరు మీద బరువు లెక్కలు. నాలుగు రోజులు తనలో తానే గొణుక్కుని చివరికి అమ్మే తేల్చింది. "సోమవారం నీ వంతు నేనుంట. నువ్వు తిను." శివుడికి ఏ అభ్యంతరమూ రాలేదు.

భయపడే తిండ్ల జాబితా ఒకటి రాయించారు, తక్కువ భయం నుంచి ఎక్కువ భయం దాకా. అన్నిటికంటే పైన సకినాలు. సంక్రాంతి ముందు మా గిర్నికి తడి బియ్యం గిన్నెలు వరస కడతాయి, పరకాల సగం మా గడపలోనే ఉంటుంది. ఇంట్లో అమ్మ, పెద్దమ్మ, వదిన పాత చీర పరిచి, నువ్వులు, వాము కలిపిన పిండిని వేళ్ళ మధ్య తిప్పుతూ చుట్లు చుడుతుంటారు. ఏళ్ళుగా చుట్టేదాన్నే గానీ, తింటే ఆపలేనని నోట్లో వేసుకునేదాన్ని కాదు. ఆ సంక్రాంతికి నూనెలోంచి తీసినవి రెండు పళ్ళెంలో పెట్టుకుని, అందరి మధ్య కూర్చుని, ఛాయ్‌తో తిన్నాను. మూడోది తినాలనిపించింది, అదీ తిన్నాను. గంటసేపు గుండె కొట్టుకుంది, తర్వాత వదిన ఏదో జోక్ వేస్తే మర్చిపోయాను. సకినం ఇంత గట్టిగా నమలాలన్న సంగతి కూడా మర్చిపోయి ఉన్నాను.

అన్నీ ఇలా గెలుపులే కాదు. తర్వాతి సద్దుల బతుకమ్మకు పద్మాక్షి గుండం దగ్గర ఆడి, అలసిపోయి వచ్చి, నువ్వుల సద్ది, పల్లి సద్ది, మలీద ముందు కూర్చున్నాను. ఆ పొద్దున పూల పని హడావిడిలో టిఫిన్ తప్పింది, మధ్యాహ్నం భోజనం తప్పింది. రాత్రి పాత కథే జరిగింది. అంతా మళ్ళీ మొదటికొచ్చిందని సైకాలజిస్ట్‌కు మెసేజ్ పెట్టాను. సెషన్‌లో ఆమె రాత్రి గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. "తెల్లారి ఏం తిన్నవ్?" అన్నారు. ఉప్మా తిన్నానని చెప్పాను. "అయితే మొదటికి రాలేదు" అని నోటుబుక్కు తీయమన్నారు.

ఇది ఆడపిల్లల జబ్బే అనుకునేవాళ్ళకు ఒక మాట. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం పరిగెత్తే పిల్లగాళ్ళలోనూ, జిమ్‌లకు పోయేవాళ్ళలోనూ ఇది ఉంటుందని మా డాక్టర్ చెప్పారు. వాళ్ళు గ్యాస్ అని చెప్పుకుని ఇంకా ఆలస్యంగా వస్తారట. కక్కకుండా, అదుపు తప్పి తినడం ఒక్కటే ఉన్నా అదీ విడిగా ఒక జబ్బే. 2013 నుంచి అమెరికా మానసిక వైద్యుల జబ్బుల జాబితాలో దానికి సొంత పేరే ఉంది.

ఇప్పుడు నా పొటాషియం బాగుంది, ఆర్నెల్లకోసారి చూస్తారు. ముందు పళ్ళు రెండింటికి తొడుగులు వేయించాల్సి వచ్చింది, పోయిన ఎనామిల్ తిరిగి రాదు. నోటుబుక్కు రాయడం మానేశాను, పరీక్షల పేపర్లు దిద్దే రోజుల్లో మాత్రం మళ్ళీ తీస్తాను. బయట బేకరీ ముందు నిలబడి ఒక్క పఫ్ తిని రావడం వచ్చింది, పార్సిల్ మాత్రం ఇంకా కట్టించుకోను. టెన్త్ పరీక్షలు అయిపోగానే గోలీ తగ్గిద్దామని సైకియాట్రిస్ట్ అంటున్నారు. అప్పుడు మా చుట్టాల్లో వరసగా పెళ్ళిళ్ళున్నాయి. ప్రతి దావత్‌లో బగారన్నం ముందు నిలబెట్టి నా ఒళ్ళు కొలిచే పెద్దమ్మలు ఉంటారు, కాబట్టి ఆ సీజన్ దాటాక చూద్దామన్నాను. జూన్‌లో బడి తెరిచాక రమ్మన్నారు.